ఎర్నెస్టీన్ నీళ్ళు

ప్రిచర్డ్, అలబామా
1986 సెప్టెంబర్ 6

ఇందుమూలముగా యావన్మంది దువ్వెనలకు, క్లిప్పులకు, రిబ్బన్లకు, తల కడగమంటే మంచం కిందికి దూరే సకల బాలికలకు తెలియజేయడమేమనగా: వెనక వరండా మహారాణియు, ప్రిచర్డ్ పట్టణ సర్వ జడల అధికారిణియు అగు వాష్టీ అను నేను, వేసవి సెలవులన్నియు నా మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని అల్లిన మార్వెలా తల మీద ఇకమీదట ఎవరునూ సన్నపళ్ళ దువ్వెన మోపరాదు. మోపిన వారి చెయ్యి వంకర పోవుగాక. తడపకుండా దువ్వరాదు. రాలిన వెంట్రుకలు పొయ్యిలో కాల్చవలెనే గాని బయట పారవేయరాదు. ఏ పిట్టయినా ఎత్తుకుపోయి గూట్లో అల్లుకున్నచో పిల్లకు తలనొప్పి వచ్చును, ఆ పిట్టను వెతకడానికి నేను మిల్వాకీ దాకా రాలేను. ఇది శాసనము.

జెనీవా,

శాసనం అయిపోయింది, ఇక మనిషిలా రాస్తాను. బస్సు పార్సిల్లో సీసాలు పంపించాను, పగలకుండా నా పాత నైటీలు చుట్టాను. వాటిని మళ్ళీ నాకు పంపకు, నేల తుడుచుకో. సీసాల్లో ఉన్నది ఏమిటో మూత తియ్యగానే తెలుస్తుంది. అక్కని పూడ్చిన రోజు, మట్టి ఇంకా తడిగా ఉండగానే, నువ్వు నా చెయ్యి పట్టుకుని "పిన్నీ, అమ్మ నా తలకి ఏం రాసేది?" అని అడిగావు గుర్తుందా? అదే ఇది. గ్లిజరిన్, గులాబీ నీళ్ళు, మరిగించిన సేజ్ ఆకు రసం. మా అక్క ఎర్నెస్టీన్ ఎలా చెప్పిందో అలా కలిపాను. వేసవంతా ఇదే రాశాను, నీ కూతురి జుట్టు నల్లద్రాక్ష గుత్తుల్లా తిరిగిందో లేదో నువ్వే చూశావు.

ఇక్కడి విశేషం ఒక్కటే. డీకన్ పర్విస్ కొత్త విగ్గు పెట్టుకుని చర్చికొచ్చాడు. ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను దానికి ఒక పసుప్పచ్చ రిబ్బను గుచ్చాను. పాపం, వీధంతా అలాగే నడిచి ఇంటికి పోయాడు. వాళ్ళావిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. ప్రాణానికి సుఖంగా ఉంది.

వరండా మహారాణి,
మీ పిన్ని వాష్టీ


మిల్వాకీ
అక్టోబర్ 12

పిన్నీ,

సీసాలు అందాయి. మూత తియ్యగానే అమ్మ వచ్చి వంటింట్లో నిలబడ్డట్టయింది. అమ్మ చేతులు గులాబీ వాసన వచ్చేవని నేను మర్చేపోయాను చూడు! ఇప్పుడు అంతా గుర్తొస్తోంది. శనివారం నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం, జడ అయిపోయాక మెడ వెనక మెల్లిగా ఊదడం. మార్వెలాకి రోజూ చెప్తున్నాను, "ఇవి మీ అమ్మమ్మ నీళ్ళే, మీ అమ్మమ్మ నీ తల నిమురుతోంది" అని. అది కదలకుండా కూర్చుంటోంది. కదలకుండా! మార్వెలా!

నాకు ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి డ్యూటీ వేశారు. చీకటితోనే బయల్దేరాలి. కింద వాటాలో ఉండే వోయ్‌చిక్ మామ్మ పిల్లని చూసుకుని, జడ సర్ది, బడికి పంపిస్తోంది. పోలండు నుంచి వచ్చిన ముసలావిడ, ఎవరూ లేరు. మార్వెలా అంటే ప్రాణం పెడుతుంది.

చలి మొదలైంది. గదిలో ఇనప హీటరు బుసకొడుతూ ఉంటుంది, దాని మీద గుడ్డ వేస్తే అప్పడంలా ఎండిపోతోంది. పిల్లకి ఎర్రకుచ్చు ఉన్న ఉన్ని టోపీ కొన్నాను. చర్చిలో ఈస్టర్ రోజు చెప్పడానికి అందరికంటే పొడుగు పద్యం దానికే ఇస్తామన్నారు. ఇప్పట్నించే అద్దం ముందు చేతులు ఊపుతోంది.

నీ జెనీవా


ప్రిచర్డ్
నవంబర్ 8

జెనీవా,

ఉన్ని టోపీయా! నీ బుర్ర ఆ లాండ్రీలో ఉతకడానికి గాని వేశావా? ఉన్ని మన జుట్టులో తడంతా తాగేసి, మెడ వెనక ఉంగరాలన్నీ కొరికి పారేస్తుంది. ఆ సంగతి తెలియకుండానే ఇంతదానివయ్యావా? తెల్లవాళ్ళ పిల్లలు ఏది పెట్టుకుంటే అది మన పిల్లలకీ పెట్టడమే! నీ శాటిన్ లోలంగా ఒకటి కోసి దాని లోపల అస్తరు కుట్టు. కుట్టేదాకా నాకు జాబు రాయకు.

చలికాలం కనక మీ అమ్మ నీళ్ళు రెట్టింపు చెయ్యి. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, జుట్టు కారేట్టు. చలికాలంలో ఎర్నెస్టీన్ అలాగే చేసేది. సీసాలు అయిపోతాయని పిసినారితనం చెయ్యకు, ఇంకా పంపిస్తాను.

ఇంకో మాట. ఆ కింద వాటా ఆవిడ "జడ సర్ది" అని రాశావు. ఏ దువ్వెనతో సర్దుతోందో అడిగావా? అడుగు. నా శాసనం ఆవిడకి చదివి వినిపించావా? వినిపించు.

కోపంతో కాఫీ కూడా పారబోసుకున్న
మీ పిన్ని


మిల్వాకీ
డిసెంబర్ 7

పిన్నీ,

నా పెళ్ళినాటి లోలంగా కోసి అస్తరు వేశాను. ఆ పెళ్ళి వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ టోపీకే. నీళ్ళు రెట్టింపు చేశాను. నువ్వు చెప్పినట్టే, జుట్టు కారేట్టు.

అయినా ఏదో తేడాగా ఉంది. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి చీపురులా గరుకెక్కుతోంది. దిండు మీద చిన్న చిన్న ముక్కలు కనిపిస్తున్నాయి. ఊడి రాలినవి కావు, మధ్యలో విరిగినవి. మెడ దగ్గర ఒకచోట వేలెడంత మేర పొట్టిగా అయిపోయింది. పట్టుకుంటే పుటుక్కుమంటోంది. వోయ్‌చిక్ మామ్మ దువ్వెనే వాడదు. నేను నేర్పినట్టు వేళ్ళతో విడదీస్తుంది, నేను చూశాను.

నాకు ఓపిక లేదు పిన్నీ. మొన్న మా సూపర్వైజరు అందరి ముందూ నన్ను నిలబెట్టి, "నీ జుట్టుకి ఒక వల చాలదు, రెండు పెట్టుకో, దుప్పట్లలో పడుతుంది" అన్నాడు. నా పక్కనే ఉన్న తెల్లపిల్ల జడ నడుం దాకా వేలాడుతోంది, దానికి ఒక వల కూడా లేదు. పళ్ళు బిగించి రెండూ పెట్టుకున్నాను. ఇంటికొచ్చి మార్వెలా తల విప్పితే అక్కడా విరిగిన ముక్కలే. ఇంక ఎవరి మీద అరవను?

జెనీవా


ప్రిచర్డ్
డిసెంబర్ 18

జెనీవా,

నా మీద అరిచెయ్యి. కాని మీ అమ్మ నీళ్ళ మీద అనుమానం పెట్టుకోకు. వేసవిలో పనిచేసింది చలికాలంలో ఎందుకు పనిచెయ్యదు?

నువ్వు గుమ్మం దాటాక ఆ ముసలావిడ ఏం చేస్తుందో నీకేం తెలుసు? నాకు తెలుసు. ఎనిమిదో తరగతి దాటలేదు గాని ఇది మాత్రం నాకు బాగా తెలుసు. నాకు పదకొండేళ్ళప్పుడు మొబీల్ పట్టణంలో ఒకరింట్లో అంట్లు తోమేదాన్ని. ఆ ఇంటి పిల్లలు పరీక్షకి వెళ్ళే ముందు వరసగా వచ్చి నా తల రుద్దేవాళ్ళు. అదృష్టమట! వాళ్ళమ్మ చూస్తూ నవ్వేది. ఒకరోజు ఆవిడే తన కుక్కని దువ్వే బ్రష్షు తెచ్చి, "చూద్దాం ఉండు, ఇది దిగుతుందేమో" అని నా తల మీద లాగింది. నేను కదల్లేదు. కదిలితే పని పోతుంది. ఇప్పటికీ కుక్క వాసన వస్తే నా మాడు మండుతుంది. అందుకని తెల్లావిడ వేళ్ళతో విడదీస్తోంది, ప్రాణం పెడుతోంది అని నాకు కథలు చెప్పకు.

నేనొక పని చేశాను. ఏమిటన్నది ఇప్పుడు చెప్పను. క్రిస్మస్ కానుక అనుకో. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వుతావు.

మార్వెలాకి నా తరఫున ముక్కు మీద ఒక ముద్దు.

నీ పిన్ని


మిల్వాకీ
1987 జనవరి 10

పిన్నీ,

నేను నవ్వలేదు.

నువ్వు వోయ్‌చిక్ మామ్మకి పంపిన కాగితం నా ముందే ఉంది. "అలబామా రాష్ట్ర దువ్వెనల శాఖ. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మార్వెలా అను బాలిక శిరస్సును తాకు హక్కు మీకు రద్దు చేయబడినది. ఉల్లంఘించినచో తగు చర్య తీసుకొనబడును." కింద ఎర్రసిరాలో జాం సీసా మూత ముద్ర. నేను ఆ ముద్ర చూడగానే నీ పనని పోల్చాను. ఆవిడెలా పోలుస్తుంది?

కాగితం పట్టుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చింది. పెదాలు తెల్లబడిపోయాయి.

"జెనీవా, నన్ను పట్టుకెళ్తారా?"

"ఎవరు మామ్మా? ఇది మా పిన్ని వేళాకోళం. పిచ్చిది."

"ముద్ర ఉంది కదా అమ్మా. ముద్ర ఉంటే వేళాకోళం ఎలా అవుతుంది?"

వాళ్ళ ఊళ్ళో యుద్ధం రోజుల్లో ఇలాంటి ముద్ర ఉన్న కాగితమే వాళ్ళ నాన్నకి వచ్చిందట. ఆయన సంతకం పెట్టి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఇవన్నీ నాకు అప్పుడే తెలిశాయి, నీ దయవల్ల. ఎంత చెప్పినా వినలేదు. పిల్ల మేడ దిగి తలుపు కొడితే లోపల్నించి గడియ పెట్టుకుని ఏడుస్తోంది. మార్వెలా వచ్చి, "అమ్మా, నేనేం చేశాను?" అని అడిగింది.

నీకు అంతా ఆటే. డీకన్ విగ్గూ, మా జీవితమూ ఒకటే నీకు. ఇప్పుడు పొద్దున్న పిల్లని ఎక్కడ పెట్టను? చెప్పు, దువ్వెనల శాఖ అధికారిణీ!

జెనీవా


ప్రిచర్డ్
జనవరి 24

జెనీవా,

తిట్టావు, పడ్డాను. ఆవిడ నాన్న సంగతి నాకు తెలియదు. తెలిస్తే ముద్ర వేసేదాన్ని కాదు. ఆవిడకి ఒక పౌండ్ కేకు చేసి పంపాను, లోపల ఒక ముక్క కాగితం, "నేను గాడిదని" అని. ముద్ర లేకుండా. పోలండు భాష తెలిసినవాళ్ళు ఇక్కడెవరూ లేరు, గాడిద బొమ్మ కూడా గీశాను. కుక్కలా వచ్చింది గాని అర్థమవుతుందిలే.

కాని నిజం నిజమే. నేను అన్నది తప్పుగా అన్నానేమో, అనవలసిన మాటే అన్నాను. ఒకటి మాత్రం మంచి జరిగింది. ఆవిడ చెయ్యి పిల్ల తల మీద లేదు. ఇక చూడు, ఈస్టర్ నాటికి జుట్టు భుజాల మీద పడుతుంది. ఇంకో రెండు సీసాలు పంపుతున్నాను. మానకు. మీ అమ్మ చలికాలమంతా ఒక్క రోజు కూడా మానేది కాదు.

ఇక్కడ వాన. వరండాలో ఆరేసినవి నాలుగు రోజులైనా ఆరవు, గోడలకి చెమట పడుతోంది. నువ్వు రాసిన అప్పడాల మాట నాకు నమ్మకం కలగదు.

గాడిద


మిల్వాకీ
మార్చి 8

పిన్నీ,

కేకు ఆవిడ తినలేదు, మార్వెలాకి ఇచ్చేసింది. బొమ్మ మాత్రం ఉంచుకుంది. ఆవిడ నవ్వుతుంటే కిటికీలోంచి చూశానని పిల్ల అంటోంది. అంతవరకే, తలుపు ఇంకా తియ్యలేదు.

మార్వెలా ఇప్పుడు చీకట్లో నాతో లేచి లాండ్రీకి వస్తోంది. దుప్పట్ల గుట్ట మీద కాసేపు కునికి, అక్కణ్నించే బడికి పోతోంది. తల మీద నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడటం లేదు. టోపీకి అస్తరు ఉంది. దువ్వెన పళ్ళు వెడల్పు. నీళ్ళు రెండు పూటలా, ఒక్క రోజు మానకుండా.

ఆ జుట్టు విరుగుతూనే ఉంది. మెడ వెనక మొదలై చెవుల దాకా వచ్చేసింది. పద్యాల ప్రాక్టీసులో పిల్లలు దాన్ని "ఎలక కొట్టిన బొమ్మ" అంటున్నారు. ఈస్టర్ రోజు స్టేజీ మీద, తెల్లగౌను వేసుకుని, అందరికంటే పొడుగు పద్యం చెప్పాల్సిన పిల్ల! ఇప్పుడు పొడుగు పద్యం వద్దంటోంది. "నాకు రెండు లైన్లు చాలు, వెనక నిలబడి చెప్తాను" అంటోంది.

టోపీ కాదు. వోయ్‌చిక్ మామ్మ కాదు. దువ్వెన కాదు. ఇంక మిగిలింది ఆ జుట్టే. మా అమ్మ నీళ్ళకే లొంగని జుట్టు ఇంక దేనికి లొంగుతుంది? ఈస్టర్ ముందు శనివారం దాని తలకి సాఫుచేసే మందు పెట్టేస్తున్నాను. ఇక్కడ పిల్లల కోసమే ప్రత్యేకంగా డబ్బాలు అమ్ముతున్నారు, మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ కూడా ఉంది. మెత్తగా, తిన్నగా పడి ఉంటుంది. ఒక గొడవ వదిలిపోతుంది.

జెనీవా


ప్రిచర్డ్
మార్చి 17

జెనీవా!

మతి ఉందా నీకు? ఎనిమిదేళ్ళ తలకి మందు పెడతావా? డబ్బా మీద పిల్ల నవ్వుతోంది కాబట్టి నీ పిల్లా నవ్వుతుందనుకున్నావా? ఆ బొమ్మకి మాడు లేదు గనక నవ్వుతోంది!

నా ఎడమ చెవి వెనక వెంట్రుక మొలవని చోటు నువ్వు చిన్నప్పుడు వేలు పెట్టి అడిగేదానివి. "చేప కరిచింది" అని చెప్పాను. చేపా లేదు గీపా లేదు. పదహారేళ్ళప్పుడు ఇలాంటి మందే పెట్టించుకున్నాను. మండుతోందంటే "ఇంకాసేపు ఓర్చుకో, ఇంకాస్త తిన్నగా వస్తుంది" అన్నారు. ఓర్చుకున్నాను. చర్మం దువ్వెనతోపాటు వచ్చింది. అది నీ కూతురికి కావాలా? కట్టిపెట్టు! ఆ డబ్బా తీసుకెళ్ళి మీ సూపర్వైజరు మీసాలకి పెట్టు!

పిల్లలు ఏదో అన్నారట, ఈవిడ తల వంచేసిందట! నువ్వు రెండు వలలు పెట్టుకున్నావు, ఇప్పుడు పిల్లకి కూడా నేర్పు, పళ్ళు బిగించడం. ఎర్నెస్టీన్ బతికుంటే నీ చేతిలో డబ్బా లాక్కుని కిటికీలోంచి విసిరేసేది. మీ అమ్మ పరువు తీస్తున్నావు.

వాష్టీ


మిల్వాకీ
ఏప్రిల్ 5

పిన్నీ,

డబ్బా కొన్నాను. వంటింటి అలమరలో ఉంది.

మా అమ్మ పరువు గురించి నాకు చెప్పకు. ఆర్నెల్లుగా ఆవిడ చెప్పిందల్లా చేస్తున్నది నేను. నువ్వు ఎడాపెడా తిట్టి జాబు పెట్టెలో వేసి హాయిగా కూర్చుంటావు. రోజూ ఆ తల విప్పి చూడాల్సింది నేను.

నిన్న పొద్దున సీసా తీస్తే మార్వెలా రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "వద్దమ్మా" అంది. ఎందుకే అన్నాను. "అమ్మమ్మకి నేనంటే ఇష్టం లేదు. ఆవిడ నీళ్ళు నీ జుట్టుని పెంచాయి, నా జుట్టుని తినేస్తున్నాయి" అంది. ఏడవలేదు కూడా. చాలా రోజులుగా తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

దానికి ఏం చెప్పమంటావు? నీ దగ్గర శాసనం ఉందా?

ఈస్టర్ ముందు శనివారం మందు పెడుతున్నాను. ఇంక దీని గురించి రాయకు.

జెనీవా


ప్రిచర్డ్
ఏప్రిల్ 10

జెనీవా,

రాయకన్నావు, రాస్తున్నాను. అర్జెంటు టపాలో పంపిస్తున్నాను, శనివారం లోపల అందకపోతే పోస్టుమాస్టరు విగ్గు పని కూడా పడతాను. అందగానే నిలబడి చదువు. డబ్బా తియ్యకముందే చదువు.

నీ జాబు పట్టుకుని ఓజెల్లా దగ్గరికి వెళ్ళాను. షికాగో చలిలో సగం బతుకు బతికి ఇక్కడికి తిరిగొచ్చింది చూడు, నా స్నేహితురాలు, ఆవిడ. మంచి మాట చెప్పి ఓదారుస్తుందని వెళ్ళాను.

"దాని తలకి ఏం పోయిస్తున్నావే?"

"గ్లిజరిన్ కలిపిన నీళ్ళు."

"మిల్వాకీలో?"

"ఊఁ."

"జనవరిలో? హీటరు పక్కన?"

"రోజుకి రెండుసార్లు," అన్నాను, గొప్పగా.

ఓజెల్లా చేతిలో ఉన్న బీన్సు గిన్నె కింద పెట్టింది. "పిల్ల తలకి జలగని పట్టించావు కదే గాడిదా! గ్లిజరిన్‌కి ఎప్పుడూ దాహమే. ఇక్కడ గాలి నిండా నీళ్ళే, గాలిలోంచి తాగి జుట్టుకి పెడుతుంది. అక్కడ చలికాలం గాలిలో ఏముంది, ఇసక. గాలిలో దొరక్కపోతే ఎక్కడ తాగుతుంది? వెంట్రుకలోంచి తాగుతుంది. నువ్వు రెట్టింపు పొయ్యమన్నావు, అది రెట్టింపు తాగింది." అక్కడితో ఆగిందా? వీధి చివరిదాకా నా వెనకాలే నడుస్తూ తిట్టింది. డీకన్ పర్విస్ వాకిట్లో నిలబడి మొత్తం విన్నాడు. ఆయనకి ఆ రోజు పండగ.

కాబట్టి తప్పు టోపీది కాదు, ఆ ముసలావిడది కాదు, పిల్ల జుట్టుది అసలే కాదు. సీసాలన్నీ తూములో పారబొయ్యి. ఉత్త నీళ్ళతో తడుపు, తడి ఉండగానే పైన ఆముదం గాని, గట్టి గ్రీజు గాని పట్టించు, ఆ తడి లోపలే ఉండిపోయేట్టు. పాయలు చిన్నవి తీసి తలకి అంటుకునేట్టు అల్లు, చివర్లు లోపలికి దాచు, వారం దాకా ముట్టకు. హీటరు మీద గిన్నెతో నీళ్ళు పెట్టు. విరిగినచోట జడలు పొట్టిగా ఉంటాయి, ఉండనీ, పూసలు గుచ్చు. తెల్ల గౌనుకి ఎర్రపూసలు. మళ్ళీ వేసవి వచ్చి గాలి చెమ్మగిల్లితే అప్పుడు కావాలంటే సీసా తియ్యొచ్చు. వోయ్‌చిక్ మామ్మ గుమ్మంలో నేనే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటాను, జూన్‌లో. ఆవిడ చేత నా తల దువ్వించుకుంటాను. కుక్క బ్రష్షుతో దువ్వినా కదలను.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. పైన కొట్టేసిన మూడు లైన్లు కనిపిస్తున్నాయా? దీపానికి పెట్టి చదవడానికి చూడకు, నేనే చెప్తాను. "చలికాలానికి మీ అమ్మ వేరే మందు చెప్పింది, నేనే మర్చిపోయాను" అని రాశాను. ఎంత చక్కగా అతికిందో! నువ్వు నమ్మేదానివి. అందరి పరువూ నిలబడేది, నాది తప్ప, నాకు అది అలవాటే. కాని ఆ పిల్ల చేతులు తల మీద పెట్టుకుందని రాశావు చూడు, దాని తర్వాత నా కలం కదల్లేదు. కొట్టేశాను.

నాకు కోపం వస్తోంది జెనీవా. ఇన్నాళ్ళూ టోపీ మీద, ఆ ముసలావిడ మీద, నీ మీద చిమ్మిందంతా అసలు మనిషిని వదిలేసి చిమ్మాను. ఎర్నెస్టీన్ మీద కోపం. మీ అమ్మకి నీ జుట్టంటే అసహ్యం. నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోలేదు, అదే గదిలో ఉన్నాను. శనివారం వస్తే జుట్టు తిన్నగా లాగడానికి ఇనప దువ్వెన పొయ్యి మీద ఎర్రగా కాల్చేది. అందిన కొవ్వు, వంటకి మిగిలింది, తల మీద మెత్తేది. "ఈ ముళ్ళకంప నీకెక్కడిదే" అనేది. ఆ మాట ఆవిడ పుట్టించింది కాదు, ఆవిడ నెత్తిన ఎవరో రుద్దిందే, నా నెత్తిన రుద్దినట్టే. వాళ్ళ మీద ఇంకా కోపం. నువ్వు చెవి కాలకుండా వంచి పట్టుకుని కూర్చునేదానివి. మెడ మీద ఊదేది అని రాశావు కదా, నిజమే, ఊదేది. దువ్వెన తగిలి కాలిన చోట ఊదేది. కాల్చినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఊదేది. మళ్ళీ శనివారం కాల్చేది. ఆవిడకి నువ్వంటే ప్రాణం, ఇంకో దారి ఎవరూ చూపించలేదు. ఇప్పుడు నీ అలమరలో ఆ డబ్బా కూర్చుని ఉంది. అది ఆ దువ్వెనకి చెల్లెలు.

మరి సమాధి దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని, అమ్మ నా తలకి ఏం రాసేది అని అడిగితే నన్నేం చెప్పమంటావు? పంది కొవ్వు అని చెప్పనా? నీ ముఖం చూశాను, నోటికొచ్చింది చెప్పాను. చర్చి అమ్మకానికి కేకు చేద్దామని కొన్న గులాబీ నీళ్ళు ఇంట్లో మిగిలాయి, గ్లిజరిన్ నా మడమల పగుళ్ళకి తెచ్చుకున్నది. అంతే.

మార్వెలాకి ఇక్కణ్నించి నువ్వే చదివి వినిపించు. చిన్నతల్లీ, మీ అమ్మమ్మ నీ జుట్టు తినలేదు. ఆ సీసాల్లో ఆవిడ ఒక్క చుక్క కూడా లేదు. అవి వాష్టీ నీళ్ళు. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టు, పొడుగు పద్యం చెప్పే గొంతుతో, ముందు వరసలో నిలబడి తిట్టు.

జెనీవా, మీ అమ్మ చేతులు బట్టల సబ్బు వాసన వచ్చేవి. గులాబీ వాసన ఒక్కనాడూ రాలేదు. ఎర్నెస్టీన్ నీళ్ళనేవి ఎప్పుడూ లేవు, నేను కల్పించాను.

వాష్టీ